సూర్యుడి సంగతి మనకెలా తెలిసింది?

రోజూ ఎదురయ్యే మనిషిని మనం పరీక్షగా చూడం. ఊరికి కొత్తగా వచ్చినవాణ్ణే ఎగాదిగా చూస్తాం, ఎవరు, ఏమిటి అని వాకబు చేస్తాం. లోకం తీరు అది. సూర్యుడి విషయంలోనూ మనం చేస్తున్నది అదే. తెల్లవారితే వస్తాడు, పొద్దుగూకితే పోతాడు. వేసవిలో తిట్టుకుంటాం, ముసురు పట్టినప్పుడు తలుచుకుంటాం. అంతకుమించి ఆయన గురించి ఆలోచించే తీరిక మనకెక్కడ?

సైన్సు పుస్తకాల్లో మాత్రం ఆయన వివరాలన్నీ వుంటాయి. దూరం ఇంత, బరువు ఇంత, వేడి ఇంత అని అంకెలు వరసగా అచ్చువేసి వుంటాయి. పరీక్షకు ముందు రోజు బట్టీపడతాం, పరీక్ష మర్నాడు మరచిపోతాం. కానీ ఒక్క ప్రశ్న మనలో చాలామందికి తట్టదు. అక్కడికి ఎవరూ వెళ్ళలేదు గదా, టేపు పెట్టి కొలవలేదు గదా, మరి ఈ అంకెలన్నీ ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది?

ఈ సంవత్సరం మన కాలేజీలో కొత్తగా అడుగుపెట్టిన తమ్ముళ్ళనూ, చెల్లెళ్ళనూ దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆర్ట్సు, కామర్సు మిత్రులు పేజీ తిప్పేయనక్కర్లేదు. ఇందులో ఒక్క సమీకరణం కూడా లేదు. వున్నదల్లా 'ఎలా తెలిసింది?' అన్న ఒకే ఒక్క ప్రశ్న.

ఎంత దూరం?

మీ బొటనవేలిని ముఖానికి ఎదురుగా చాపి పట్టుకోండి. ఎడమకన్ను మూసి ఒకసారి, కుడికన్ను మూసి ఒకసారి చూడండి. వేలు కదలకపోయినా, వెనక గోడమీద అది అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. రెండు కళ్ళ మధ్య దూరం, వేలు జరిగిన కోణం – ఈ రెండూ తెలిస్తే వేలు ఎంత దూరంలో వుందో లెక్క కట్టవచ్చు. సూర్యుడి దూరాన్ని కొలిచిన ఉపాయం కూడా ఇదే. వేలికి బదులు శుక్రగ్రహం, గోడకు బదులు సూర్యబింబం, రెండు కళ్ళకు బదులు భూమ్మీద దూరదూరంగా వున్న రెండు ఊళ్ళు!

శుక్రుడు ఎప్పుడో అరుదుగా సూర్యబింబానికి అడ్డంగా చిన్న నల్లచుక్కలా దాటిపోతాడు. 1874 డిసెంబరు 9న అలా దాటినప్పుడు ప్రపంచం నలుమూలలా శాస్త్రజ్ఞులు దూరదర్శినులతో కాచుకుని కూర్చున్నారు. మన విశాఖపట్నంలోనూ ఒకాయన కూర్చున్నాడు. గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలో అక్కడ సొంత ఖర్చుతో ఒక వేధశాల కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని పోషించి, ఆ శుక్రసంక్రమణాన్ని అక్కడినుంచి పరిశీలించి నమోదు చేశారు. ఆంధ్రదేశంలో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది?

ఆ తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. 1961లో శుక్రగ్రహం మీదికి రాడార్ తరంగాలను పంపి, అవి తిరిగి రావటానికి పట్టిన కాలాన్నిబట్టి లెక్క సరిచేశారు. ఈనాడు ఒప్పుకున్న సగటు దూరం 14 కోట్ల 95 లక్షల 97 వేల 870 కిలోమీటర్లు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోయే రైలెక్కితే చేరటానికి సుమారు 170 సంవత్సరాలు పడుతుంది. మనం ఎక్కితే మన మునిమనవళ్ళు దిగాలి. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుతురుకు మాత్రం 8 నిమిషాల 19 సెకన్లు చాలు. అంటే మనం చూసేది ఎప్పుడూ ఎనిమిది నిమిషాల పాత సూర్యుణ్ణే!

ఇక్కడే ఒక అపోహ తీర్చుకుందాం. వేసవిలో సూర్యుడు దగ్గరికొస్తాడనీ, అందుకే ఎండలు మండిపోతాయనీ చాలామంది అనుకుంటారు. నిజం సరిగ్గా తలకిందులు. భూమి సూర్యుడికి అతి దగ్గరగా వుండేది జనవరి మొదటివారంలో, మనం పొద్దున్నే చలికి ముడుచుకుపోయే రోజుల్లో. అప్పటి దూరం సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్లు. అతి దూరంగా వుండేది జులై మొదట్లో, సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లు. రోహిణికార్తెలో రోళ్ళు పగులుతున్నాయంటే, భూమి అప్పుడు సూర్యుడికి దూరంగా జరుగుతోందన్నమాట! వేసవికి కారణం దూరం కాదు, భూమి ఇరుసు 23 డిగ్రీల పైచిలుకు ఒరిగి వుండటం. ఆ ఒరుగుడువల్ల ఆ నెలల్లో కిరణాలు మన నడినెత్తిన నిటారుగా పడతాయి, పగలు పొడుగవుతుంది. హైదరాబాదులో మే రెండోవారంలో ఒకరోజు, ఆగస్టు మొదటివారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం నిటారుగా పాతిన కర్రకు నీడే వుండదు. అనుమానం వుంటే కర్ర పాతి చూడండి, ఖర్చేమీ లేదు.

ఎంత పెద్దవాడు?

పెంకుటింట్లోనో, తాటాకు పాకలోనో పెరిగినవాళ్ళకు ఒక దృశ్యం గుర్తుండే వుంటుంది. కప్పులోని సన్నటి చిల్లుల్లోంచి ఎండ దిగి నేలమీద గుండ్రటి వెలుగుబిళ్ళలు పరుస్తుంది. చిల్లు ఏ ఆకారంలో వున్నా బిళ్ళ మాత్రం గుండ్రంగానే వుంటుంది. ఎందుకని? అది చిల్లు ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ!

ఆ బొమ్మే సూర్యుడి కొలత మనకు చెబుతుంది. ఒక అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి, ఎండలో పట్టుకుని, రెండు మీటర్ల దూరంలో తెల్లకాగితం మీద బొమ్మ పడేట్లు చూడండి. బొమ్మ వెడల్పు కొలిస్తే రెండు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వస్తుంది. చిల్లునుంచి కాగితానికి వున్న దూరం, బొమ్మ వెడల్పుకు దాదాపు 107 రెట్లు. సూర్యుడి దూరం కూడా సూర్యుడి వెడల్పుకు అన్ని రెట్లే. కాబట్టి 14 కోట్ల 96 లక్షలను 107తో భాగించండి. సుమారు 14 లక్షల కిలోమీటర్లు వస్తుంది. పుస్తకాల్లో వున్న అంకె 13 లక్షల 92 వేలు. గుండుసూదితో, స్కేలుతో ఇంత దగ్గరగా రావటం తక్కువేమీ కాదు!

భూమిలాంటి గోళాలను 109 వరసగా పేరిస్తే సూర్యుడి అడ్డకొలతకు సరిపోతాయి. లోపల పోసి నింపాలంటే 13 లక్షలు కావాలి. సూర్యుణ్ణి ఒక అడుగు వెడల్పున్న గుమ్మడికాయ అనుకుంటే, మన భూమి కాస్త లావుపాటి ఆవగింజ. ఆ ఆవగింజ వుండేది ఆ గుమ్మడికాయకు నూటఏడు అడుగుల అవతల. మన రాజ్యాలూ, యుద్ధాలూ, సరిహద్దు తగాదాలూ, ఎలక్షన్లూ అన్నీ ఆ ఆవగింజమీదే!

ఇక బరువంటారా, భూమికి 3 లక్షల 33 వేల రెట్లు. గ్రహాలు తిరిగే వేగాన్నిబట్టి, వాటిని పట్టి వుంచే ఆకర్షణ ఎంతో న్యూటన్ సూత్రం చెబుతుంది. అందులోంచి సూర్యుడి బరువు తేలింది. సౌరకుటుంబంలోని మొత్తం పదార్థంలో నూటికి 99.8 వంతులు ఆయనే. మిగిలిన పిసరంతలో గ్రహాలూ, ఉపగ్రహాలూ, తోకచుక్కలూ అన్నీ సర్దుకోవాలి.

దేనితో చేసింది?

1835లో ఆగస్ట్ కోంట్ అనే ఫ్రెంచి తత్వవేత్త ఒక మాట తేల్చిచెప్పాడు. నక్షత్రాల దూరాలూ కదలికలూ ఎప్పటికైనా తెలియవచ్చునేమో గానీ, అవి ఏ పదార్థంతో తయారయ్యాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడన్నాడు. పెద్దమనిషి అన్నమాట సబబుగానే కనిపించింది. అక్కడినుంచి పిడికెడు మట్టి ఎవరు తెస్తారు?

కానీ మట్టి తేనక్కర్లేదని తేలింది. వెలుతురే మట్టి, వెలుతురే సాక్ష్యం. గాజుపట్టకంలోంచి ఎండను పోనిస్తే ఇంద్రధనుస్సు రంగులుగా విడిపోతుందని మనకు తెలుసు. 1814లో ఫ్రౌన్‌హోఫర్ అనే జర్మన్ అద్దాల పనివాడు, అప్పటికి ఆయన వయస్సు 27, ఆ రంగులపట్టీని చాలా జాగ్రత్తగా పరిశీలించి, అందులో సన్నటి నల్లగీతలు వందలకొద్దీ వున్నాయని కనుక్కున్నాడు. అవి ఏమిటో ఆయనకూ తెలియదు. 1859లో కిర్చాఫ్, బున్‌సెన్ అనే ఇద్దరు ఆ చిక్కుముడి విప్పారు. ప్రతి మూలకమూ మండినప్పుడు తనకే సొంతమైన కొన్ని రంగుగీతలను వెలిగిస్తుంది. కిరసనాయిలు స్టౌమీద పప్పు పొంగి, ఆ ఉప్పునీళ్ళు నీలిమంటలో పడితే మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారటం ఇంట్లో మీరు చూసే వుంటారు. అది ఉప్పులోని సోడియం చేస్తున్న సంతకం. అదే సోడియం ఆవిరి, వెలుతురుకు అడ్డంగా నిలబడితే సరిగ్గా ఆ రంగునే మింగేసి అక్కడ నల్లగీత మిగులుస్తుంది. మనిషికి వేలిముద్రలు ఎలాగో, మూలకానికి ఈ గీతలు అలాగ. సూర్యుడి నల్లగీతలు చదివితే సోడియం, ఇనుము, కాల్షియం ఒక్కొక్కటే బయటపడ్డాయి. కోంట్ మాట పాతికేళ్ళు కూడా నిలవలేదు.

ఇక్కడ మన గుంటూరు ప్రస్తావన రాకతప్పదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని దారి మన గడ్డమీదుగా పోయింది. గుంటూరులో ఫ్రాన్సునుంచి వచ్చిన జాన్సెన్, ఇంగ్లీషు సైన్యానికి చెందిన మేజర్ టెనెంట్ మకాం వేశారు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్, వనపర్తిలో ఆయన సహాయకుడు చింతామణి రఘునాథాచారి. చంద్రుడు సూర్యబింబాన్ని పూర్తిగా కప్పేసినప్పుడు, అంచున ఎర్రటి జ్వాలలు కనిపిస్తాయి. ఆ జ్వాలల వెలుతురును వర్ణపటదర్శినిలో చూస్తే నల్లగీతలకు బదులు మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి మండే వాయువులేనని రుజువయింది. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి వుంది. అది సోడియందే అయివుంటుందని చాలామంది అనుకున్నారు. పాగ్సన్ మాత్రం అది సరిగ్గా సోడియం గీత చోటనే వుందా అన్న సందేహాన్ని రాసిపెట్టాడు.

జాన్సెన్ ఆ గీతల మెరుపు చూసి, ఇంత కాంతి వున్నప్పుడు గ్రహణం లేకపోయినా కనిపించాలి గదా అనుకున్నాడు. మర్నాడే గుంటూరులో మామూలు ఎండలో వాటిని చూశాడు! అదే ఉపాయాన్ని లండన్‌లో లాకియర్ విడిగా కనిపెట్టాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ సైన్స్ అకాడమీలో ఒకే రోజు చదివారు. ఆ పసుపుగీత సోడియంది కాదు, భూమ్మీద ఇంతవరకు ఎరగని ఒక కొత్త మూలకానిది అన్నవాడు లాకియర్. గ్రీకు భాషలో సూర్యుణ్ణి హీలియోస్ అంటారు. అందుకని దానికి హీలియం అని పేరు వచ్చింది. నవ్వినవాళ్ళు నవ్వారు. 27 ఏళ్ళ తర్వాత, 1895లో రామ్సే అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఒక యురేనియం ఖనిజంలోంచి హీలియం వాయువును బయటికి తీసి చూపించాడు.

గుంటూరులో హీలియం కనిపెట్టారని మనం గర్వంగా చెప్పుకుంటూ వుంటాం. నిజం అంతకన్నా ఆసక్తికరమైనది. చూసినవాళ్ళు చాలామంది, సందేహించినవాడు ఒకడు, ధైర్యంగా పేరుపెట్టినవాడు మరొకడు, చేతిలో పెట్టి చూపించినవాడు ఇంకొకడు. సైన్సు ఒక్కడి సొత్తు కాదు.

ఇద్దరు యువకుల కథ

సూర్యుడిలో ఏమేమి వున్నాయో తెలిసింది. మరి ఏది ఎంత వుంది? ఇనుము గీతలు చాలా వున్నాయి కాబట్టి ఇనుము ఎక్కువేననీ, సూర్యుడంటే బాగా కాగిన భూమిలాంటివాడేననీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కూడా పెద్దలు నమ్మేవారు.

ఢాకా దగ్గర ఒక పల్లెటూళ్ళో చిన్న దుకాణదారుడి కొడుకుగా పుట్టిన మేఘనాథ్ సాహా, 1920లో, తన 27వ ఏట ఒక సూత్రం ప్రకటించాడు. గీత బలంగా కనిపించటం పదార్థం ఎంత వుందన్నదానిమీదే కాదు, అక్కడి వేడిమీదా ఒత్తిడిమీదా కూడా ఆధారపడుతుంది అన్నది దాని సారాంశం. ఊరేగింపులో గట్టిగా అరిచేవాళ్ళే ఎక్కువమంది అనుకోకూడదు గదా, అలాగన్నమాట!

ఆ సూత్రాన్ని చేతబట్టుకుని అమెరికాలో సిసీలియా పేన్ అనే పాతికేళ్ళ విద్యార్థిని 1925లో తన థీసిస్‌లో లెక్కలు కట్టింది. సూర్యుడిలో అత్యధిక భాగం హైడ్రోజన్, దాని తర్వాత హీలియం అని తేలింది. ఆనాటి మహామహుడైన ప్రొఫెసర్ హెన్రీ నోరిస్ రసెల్ ఇది అసంభవం అన్నాడు. ఆమె తన ఫలితం బహుశా నిజం కాకపోవచ్చునని థీసిస్‌లో రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత రసెల్ వేరే దారిలో లెక్కవేసి చూస్తే అదే జవాబు వచ్చింది. 1929లో ఆయనే ఒప్పుకున్నాడు. ఈనాటి లెక్క ప్రకారం సూర్యుడి బరువులో నూటికి 73 వంతులకు పైగా హైడ్రోజన్, పాతిక వంతుల దాకా హీలియం. ఇనుము, కర్బనం, ప్రాణవాయువు వగైరా అన్నీ కలిపితే రెండు వంతులు కూడా లేవు.

మనలో ఎవరైనా లెక్క సరిగ్గా చేసి, జవాబు పెద్దవాళ్ళకు నచ్చలేదని కొట్టేయబోతూ వుంటే, సిసీలియా పేన్‌ను ఒక్కసారి తలుచుకోవాలి.

ఎలా మండుతున్నాడు?

సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీల సెంటిగ్రేడు. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, తర్వాత పచ్చగా, చివరికి తెల్లగా కాగుతుంది. వెలుతురు రంగునుబట్టి వేడి చెప్పవచ్చునని కమ్మరికి తెలుసు. శాస్త్రజ్ఞుడు చేసేదీ అదే, కాకపోతే లెక్కతో. మరి ఇంత వేడి నిత్యం ఎక్కడినుంచి వస్తోంది?

సూర్యుడంతా బొగ్గే అయితే, ఈ లెక్కన మండితే సుమారు అయిదువేల సంవత్సరాల్లో బూడిద మిగులుతుంది. తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడెక్కుతున్నాడని కెల్విన్ ప్రభువు వాదించాడు. ఆ లెక్కన కూడా సూర్యుడి వయస్సు కొన్ని కోట్ల సంవత్సరాలు దాటదు. అటు డార్విన్‌కూ, భూగర్భశాస్త్రజ్ఞులకూ ఆ కాలం ఏమూలకూ చాలలేదు. రాళ్ళ సాక్ష్యం ఒకటి, సూర్యుడి లెక్క మరొకటి! పందొమ్మిదో శతాబ్దం చివర ఇదొక పెద్ద తగాదా.

1920లో ఆస్టన్ అనే శాస్త్రజ్ఞుడు పరమాణువులను తూచి, నాలుగు హైడ్రోజన్ పరమాణువుల బరువు ఒక హీలియం పరమాణువు బరువుకన్నా కాస్త ఎక్కువని చూపాడు. వెయ్యి గ్రాముల హైడ్రోజన్ హీలియంగా మారితే 993 గ్రాములే మిగులుతుంది. మిగతా 7 గ్రాములు ఏమయ్యాయి? ఐన్‌స్టీన్ చెప్పినట్టు శక్తిగా మారిపోయాయి. సూర్యుడి పొయ్యిలో కట్టెలు ఇవేనని అదే సంవత్సరం ఎడింగ్టన్ ఊహించాడు. ఆ వంట ఎలా జరుగుతుందో 1938-39లో హాన్స్ బెథే మెట్టుమెట్టుగా వివరించాడు. అందుకు ఆయనకు 1967లో నోబెల్ బహుమతి వచ్చింది.

సూర్యగర్భంలో వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ ప్రతి సెకనుకూ సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియం అవుతోంది. అందులో 40 లక్షల టన్నులకు పైగా పదార్థం శక్తిగా మారిపోతోంది. అంటే మీరు ఈ వాక్యం చదివేలోగా సూర్యుడు కోటి టన్నులకు పైగా చిక్కిపోయాడు! అయినా బెంగ అక్కర్లేదు, ఆయన దగ్గర సరుకు అంత వుంది.

ఇంకో వింత వినండి. సూర్యగర్భంలో ఒక ఘనమీటరు చోటులో పుట్టే శక్తి మూడొందల వాట్లు కూడా వుండదు. అంతే ఘనపరిమాణం లెక్కన చూస్తే మన శరీరమే ఎక్కువ వేడి పుట్టిస్తుంది! సూర్యుడిది హైడ్రోజన్ బాంబు పేలుడు కాదు, పొట్టుపొయ్యిమీద నిదానపు వంట. ఆ నిదానమే మన అదృష్టం. పేలుడైతే భూమ్మీద బతుకు మొదలయ్యేదే కాదు.

మరి లోపల జరిగేది ఎవరు చూశారు? అక్కడ పుట్టిన వెలుతురు దారిలో ఢీకొంటూ, తడబడుతూ పైకి రావటానికి వేల, లక్షల ఏళ్ళు పడుతుంది. కానీ న్యూట్రినోలనే కణాలు దేనికీ తగలకుండా సూటిగా వచ్చేస్తాయి. మీ బొటనవేలి గోరంత చోటులోంచి సెకనుకు సుమారు 6,500 కోట్ల న్యూట్రినోలు దూసుకుపోతున్నాయి, పగలూ రాత్రీ. అమెరికాలో ఒక బంగారు గని అడుగున రే డేవిస్ 1960ల చివరినుంచి వాటికోసం వలపన్నాడు. దొరికాయి, కానీ లెక్కలో మూడోవంతే. ముప్ఫయ్యేళ్ళు తల బద్దలుకొట్టుకున్నారు. సూర్యుడి లెక్క తప్పా, కొలత తప్పా? రెండూ తప్పు కాదనీ, న్యూట్రినోలే దారిలో జాతి మార్చుకుంటున్నాయనీ 2001-02లో కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం తేల్చింది. సూర్యుణ్ణి అర్థం చేసుకోబోయి పరమాణువు లోపలి రహస్యం ఒకటి తెలుసుకున్నాం!

ఆయన వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరాలు. మన దగ్గర పడిన అతి పురాతనమైన ఉల్కలను పరీక్షించి ఈ సంగతి తెలుసుకున్నారు. మరో 500 కోట్ల ఏళ్ళకు గర్భంలోని హైడ్రోజన్ అయిపోతుంది. అప్పుడు ఎర్రగా ఉబ్బి బుధ, శుక్ర గ్రహాలను మింగేసి, చివరికి భూమి అంత చిన్న తెల్లటి నిప్పుకణికగా మిగులుతాడు. ఇలాంటి తెల్ల మరుగుజ్జు నక్షత్రాల బరువుకు ఒక హద్దు వుందని 1930లో ఓడమీద ఇంగ్లండు పోతూ లెక్కగట్టినవాడు మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. అప్పటికి ఆయన వయస్సు 19, మన జూనియర్లంత!

మచ్చలూ, తుఫానులూ

సూర్యుడికీ మచ్చలున్నాయి. చుట్టుపక్కలకన్నా వెయ్యిన్నర, రెండువేల డిగ్రీలు చల్లగా వుండటంచేత నల్లగా కనిపిస్తాయి. కొన్ని మచ్చల్లో భూమిలాంటివి నాలుగైదు పడతాయి. మచ్చలు కదిలే తీరునుబట్టి సూర్యుడు తనచుట్టూ తాను తిరుగుతున్నాడనీ, నడిమి భాగం సుమారు 25 రోజులకు, ధ్రువాల దగ్గర 35 రోజులకు ఒక చుట్టు తిరుగుతుందనీ తెలిసింది. గట్టి గోళం అయితే అలా కుదరదు. కాబట్టి ఆయన వాయుగోళం. మచ్చలు సుమారు పదేళ్ళకొకసారి పెరిగి తగ్గుతాయని 1843లో ష్వాబే అనే ఔత్సాహికుడు చెప్పాడు. అవి బ్రహ్మాండమైన అయస్కాంతాలని 1908లో హేల్ రుజువు చేశాడు. మచ్చల్లో వాయువులు బయటికి ప్రవహిస్తున్నాయని 1909లో ఎవర్‌షెడ్ కనిపెట్టింది మన పక్కనున్న కొడైకెనాల్ కొండమీద. అక్కడ వందేళ్ళకు పైగా తీసిన సూర్యుడి ఫోటోలు ప్రపంచానికే పెద్ద ఆస్తి.

ఈ మచ్చల చుట్టుపక్కలే సౌరతుఫానులు పుడతాయి. 1859 సెప్టెంబరులో వచ్చిన తుఫానుకు టెలిగ్రాఫ్ తీగల్లో నిప్పురవ్వలు రాలాయి. 1989 మార్చిలో కెనడాలోని క్విబెక్ రాష్ట్రమంతా తొమ్మిది గంటలపాటు చీకటైంది. ఉపగ్రహాలమీదా, కరెంటుమీదా మన బతుకులు ఆధారపడే కొద్దీ ఈ తుఫానుల్ని ముందే పసిగట్టడం అవసరమైంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో తన చోటికి చేరింది. ఎప్పుడూ గ్రహణంపట్టని ఆ చోటునుంచి సూర్యుణ్ణి కాపలా కాయటమే దాని పని. ఉపరితలం 5,500 డిగ్రీలే అయితే, దానికి పైనున్న కరోనా అనే పలచని పొర పది, ఇరవై లక్షల డిగ్రీలు ఎందుకుందన్నది పూర్తిగా తేలని ప్రశ్న. పొయ్యికన్నా పొగ వేడిగా వున్నట్లు! ఆ ప్రశ్న మీకోసం మిగిలి వుంది.

తలుపులు మూసుకుందామా?

ఇంత చెప్పుకున్నాక ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మళ్ళీ మన రాష్ట్రం మీదుగా పోయింది. హైదరాబాదు దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయంవారి జపాల్-రంగాపూర్ వేధశాలకు శాస్త్రజ్ఞులు తరలివచ్చారు. అదే సమయంలో దేశంలో ఎన్నో ఊళ్ళలో వీధులు నిర్మానుష్యమయ్యాయి. జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు. 1868లో ఎక్కడెక్కడివాళ్ళో సముద్రాలు దాటివచ్చి మన గుంటూరులో చూసిన దృశ్యాన్ని, 112 ఏళ్ళ తర్వాత కూడా మన ఇంటిముందే వుంటే మనం చూడలేదు!

గ్రహణం నీడల ఆట అని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. గ్రహణంనాడు పళ్ళెంలో రోకలి నిలబడుతుందంటారు. అడుగు చదునుగా వున్న రోకలి ఏ రోజైనా నిలబడుతుంది. రేపు ఉదయమే నిలబెట్టి చూడండి. గ్రహణవేళ సూర్యుడినుంచి కొత్త విషకిరణాలేవీ పుట్టవు. వున్న కిరణాలకే చంద్రుడు అడ్డం వస్తాడు, అంతే. కడుపుతో వున్న ఆడపిల్లను చీకటిగదిలో మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పడుకోబెట్టేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే ఒక భయం మాత్రం నిజమైనది. సూర్యుణ్ణి సూటిగా, గ్రహణంనాడు గానీ మామూలు రోజు గానీ, ఒట్టి కళ్ళతో చూడకూడదు. కంటి లోపలి రెటీనా కాలిపోతున్నా నొప్పి తెలియదు, ఎందుకంటే అక్కడ నొప్పి తెలిపే నాడులు లేవు. తెలిసేసరికి చూపు పోయి వుంటుంది. మసిపూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, పసుపునీళ్ళు, పేడనీళ్ళు – ఇవేవీ కంటిని కాపాడవు. 14వ నెంబరు వెల్డింగు గాజు గానీ, అందుకోసమే చేసిన అద్దాలు గానీ వాడాలి. ఏమీ లేకపోతే అట్టముక్కా, గుండుసూదీ వుండనే వున్నాయి. సూర్యుడికి వీపు తిప్పి, కాగితంమీద పడిన బొమ్మను చూస్తే చాలు. ఇంటిల్లిపాదికీ చూపించవచ్చు.

తర్వాతి సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశంలో 2034 మార్చి 20న, కాశ్మీరు-లడక్ వైపు కనిపిస్తుంది. అప్పటికి ఈ సంచిక చదువుతున్నవాళ్ళలో చాలామంది తల్లులూ తండ్రులూ అయివుంటారు. మీ పిల్లలు కొంగు పట్టుకుని 'అమ్మా, అదేమిటి?' అని అడుగుతారు. లోపలికి లాక్కుపోయి తలుపు వేస్తారో, చేతికి అట్టముక్క ఇచ్చి వాకిట్లోకి తీసుకొస్తారో మీ ఇష్టం. వాళ్ళు రెండో ప్రశ్న కూడా అడుగుతారు, 'నీకెలా తెలుసు?' అని. ఆ ప్రశ్నకు మాత్రం విసుక్కోకండి. సూర్యుడి గురించి మనకు తెలిసిందంతా ఆ ప్రశ్న వేసినవాళ్ళు పెట్టిన భిక్షే.